కసుంబగారి పుస్తకంలో ఒక వరస

మగ్గులో మూడు వందల గీతకి కాస్త కిందే ఆగింది. నబుకేర దాన్ని వెలుతురుకేసి పెట్టి చూసి, పారబోసి, మగ్గు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని పుస్తకంలో రాసింది: "ఆరున్నర. రెండు వందల ఎనభై. ధార సన్నం. కాసేపాగి రెండోసారి వెళ్తే ఇంకో నలభై." ఇది మొగుడు కసుంబ మూత్రం లెక్క. ఆమెకి ఇందులో అసహ్యమేమీ లేదు. అసహ్యపడే ఓపిక ఏడుగురు పిల్లల గుడ్డలు ఉతకడంలోనే అయిపోయింది.

కసుంబ మసాకా పట్నం చుట్టుపక్కల పేరున్న మాటకారి. మగపెళ్లివారు పిల్లనడగడానికి వెళ్లే రోజున వాళ్ల తరఫున పందిట్లో కూర్చుని, నాలుగు గంటలు సామెతలూ ఎత్తిపొడుపులూ దొర్లించి పిల్లని ఇప్పించుకొచ్చేది ఆయనే. నిరుడు ఒకచోట నడుమ నాలుగుసార్లు లేచి పెరటి అరటితోటలోకి పరిగెత్తాల్సొచ్చింది. అవతలి మాటకారి ఊరుకుంటాడా? "వీళ్లకి మా పిల్లకన్నా మా అరటితోటే ఎక్కువ నచ్చినట్టుంది!" అన్నాడు. పందిరంతా ఘొల్లుమంది. ఆ వారమే ఆయన ఆసుపత్రికి వెళ్లాడు. ప్రోస్టేట్ పెరిగింది, భయపడాల్సిందేం లేదు, ముందు అలవాట్లు మార్చుకుని చూద్దాం అన్నారు. అక్కడ ప్రతి మంగళవారం ఇలాంటి మగవాళ్లకి నర్సు బిరుంగి పాఠం చెబుతుంది. సాయంత్రం ఆరు తర్వాత టీ వద్దు. బీరు తగ్గించాలి. వెళ్లొచ్చాక కాసేపాగి మళ్లీ వెళ్లాలి. తొందరైనప్పుడు ఊపిరి తీసుకుంటూ ఐదు నిమిషాలు ఓర్చుకోవాలి. ఎంత తాగారో, ఎంత పోశారో ఎవరిది వాళ్లే రాసుకోవాలి. కసుంబ ఆ పుస్తకం తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు. "నువ్వు రాయవే. నాకు కళ్లజోడు వెతుక్కోవాలి."

రాసింది. రాయడంతో అయిపోయిందా? ఆరుకల్లా టీ గిన్నె దాచేదీ ఆమే, పక్కన నిలబడి నిమిషాలు చెప్పేదీ ఆమే, "పోలీసులా దాపురించావు" అని తిట్టు తినేదీ ఆమే. పందిరికి వెళ్లే రోజున పొద్దున్న ఎన్ని గుక్కల నీళ్లివ్వాలో కూడా ఆమే చూసుకుంది. మూడు నెలల్లో, రాత్రికి ఐదుసార్లు తెగే నిద్ర రెండుసార్లకి దిగింది. పందిళ్లకి మళ్లీ పిలుపులొస్తున్నాయి. "అంతా మన చేతుల్లోనే ఉందయ్యా" అని ఆయన పక్కింటివాళ్లకి చెబుతున్నాడు. ఎవరి చేతులో ఆమె అడగలేదు. ఈమధ్య ఆమెకి ఏదీ అడగాలనిపించదు. కోపం రావలసిన చోట ఏమీ రాదు, తిమ్మిరెక్కిన కాలిని గిల్లినట్టుంటుంది.

ఆమె జబ్బు ఆఖరి కాన్పు నాటిది. రెండు రోజులు నొప్పులు పడ్డాక పిల్ల పుట్టింది, అప్పట్నుంచీ ఒంట్లో ఏదో జారిపోయింది. దగ్గినా, నవ్వినా, నీళ్ల డబ్బా ఎత్తినా కారుతుంది. అన్నిటికన్నా మోకరిల్లి లేచినప్పుడు. మొగుడికి టీ ఇవ్వాలన్నా, అత్తగారిని పలకరించాలన్నా, గుమ్మంలోకొచ్చిన ఏ మగవాణ్ణి కుశలమడగాలన్నా ఆడది మోకాళ్లు నేలకి ఆనించాల్సిందే. అలా రోజుకి ఇరవైసార్లో, ముప్పైసార్లో. పాత దుప్పటి చింపి మడతలు పెట్టి గొమేసి అనే బారుగౌను కుచ్చెళ్ల లోపల కట్టుకుంటుంది. వాసనొస్తుందేమోనని చర్చిలో తలుపు దగ్గరే కూర్చుంటుంది. "మీ ఆవిడ మోకాళ్లలో గర్వం దూరిందిరా, వంగడానికి ముహూర్తం చూస్తోంది" అని అత్తగారు కొడుకుతో అనేది. ఒకసారి మొగుడికి చెప్పబోయింది. కింద నాకేదో, అని మొదలుపెట్టిందో లేదో, "ఆడవాళ్ల సంగతులు అమ్మతో చెప్పుకో" అని ఆయన రేడియో పెంచాడు. చెప్పుకోలేదు. ఆమె జబ్బుకి పాఠం లేదు, మంగళవారమూ లేదు.

ఈ మంగళవారం పెళ్లాలని కూడా తీసుకురమ్మన్నారు. మగవాళ్లు బెంచీల మీద, ఆడవాళ్లు వెనక చాప మీద. నర్సు బిరుంగి కసుంబని ముందుకి పిలిచింది.

"పుస్తకమంటే ఇదీ! చూసి నేర్చుకోండి." పేజీ తిప్పి గట్టిగా చదవసాగింది. "ఆరున్నర, రెండు వందల అరవై. తొమ్మిది, రెండు వందలు. పదిన్నర, చుట్టాలకి మోకరిల్లి లేచినప్పుడు, కొంచెం. గుడ్డ మార్చాను..."

ఆగిపోయింది.

"ఏం కసుంబా," అన్నాడు వెనక బెంచీ మీది ముసలాయన, "ఈ వయసులో ఎవరికి మోకరిల్లుతున్నావయ్యా? గొమేసి కూడా కట్టావా?"

హాలంతా నవ్వులు. చాప మీది ఆడవాళ్లు మాత్రం నవ్వలేదు. ఒకావిడ తల దించుకుంది.

నబుకేరకి ఆ వరస రాసిన గురువారం గుర్తొచ్చింది. కంపాలా నుంచి మొగుడి తరఫు చుట్టాలొచ్చారు, ఆరుగురు. ఆరుగురికీ మోకరిల్లి, లోపలికొచ్చి గుడ్డ మార్చుకుని, తెరిచి ఉన్న పుస్తకం ముందు కూర్చుంది. కారిందేదైనా రాయడం చేతికి అలవాటైపోయింది. చెయ్యి రాసింది, ఆమె చూడలేదు. పొరపాటే. ఇప్పుడు ఆ ఒక్క మాట అంటే చాలు, గొడవ తీరిపోతుంది. ఇంటికెళ్లి ఆరులోపు టీ పెట్టొచ్చు.

కసుంబ అప్పటికే అందుకున్నాడు. "మా ఆవిడది పరధ్యానం తల్లీ. ఏదో రాసేసుంటుంది. తనకి ఏ రోగమూ లేదు, గుండ్రాయిలా ఉంది."

"అంటే రాసేది నువ్వు కాదన్నమాట!" అన్నాడు ముసలాయన. మళ్లీ నవ్వులు.

బిరుంగి పుస్తకం మూసి చాపవైపు చూసింది. "అమ్మా, ఎన్నాళ్లనుంచి?"

"అబ్బే, ఎన్నాళ్లేమిటి," కసుంబ పందిట్లో ఎత్తినట్టే చెయ్యెత్తాడు, "మా ఇంటిది ఏమంటుందంటే..."

నబుకేర లేచింది. లేస్తున్నప్పుడు ఎప్పటిలాగే తడిసింది. గొమేసి సర్దుకోలేదు.

"మీరాగండి," అంది మొగుడితో. "నా తరఫున ఎవరూ మాట్లాడక్కర్లేదు."

తర్వాత నర్సుకేసి తిరిగి, హాలంతా వినపడేలా, "ఇరవై రెండేళ్లు" అంది.