ఇద్దరూ తేటగా

పక్కింటావిడ అన్నదట, ఇస్త్రీ ఆవిడ పొద్దున బట్టల మూటతో పాటు ఆ మాటను కూడా గుమ్మంలో దించిపోయింది, మీ పిన్ని గోడ నిండా నాటకాల ఫోటోలే, అన్నిట్లోనూ ఆవిడే వెలిగిపోతుంటుంది, మొగుడు మాత్రం వెనకాల పొగలా ఉంటాడు, బతికున్న మనిషిని పొగ చేసి గోడకి తగిలించింది మహాతల్లి అని, పక్కింటావిడ నోటికి గడియ లేదు సరే, కానీ ఆ ఫోటోలు తీసింది పిన్ని కాదే, తను కదా, అనుకుంటూ ఆమె ఖాళీ హాల్లో మూడో వరసలో కూర్చుని, ఒళ్ళో తువ్వాలు పరిచి రెండు లెన్సుల్నీ పక్కపక్కన పెట్టుకుని, ఏడుస్తున్న కవలల్లో ముందు ఎవర్ని ఎత్తుకోవాలో తెలియని తల్లిలా చూస్తోంది, ఆట అయ్యాక ఒకటి ఉంచుకుని రెండోది తెచ్చివ్వండి అన్నాడు కెమెరా షాపాయన, అక్కడికి అదేదో చెప్పుల జతలా, పొట్టిది బొద్దుగా ఉంది, చీకట్లో మిగిలిన కాస్త వెలుతురునీ గటగటా తాగేస్తుంది, పొడుగుది వెనక వరసలోంచి కూడా స్టేజీ మీద మనిషి చెవిపోగు దాకా వెళ్ళొస్తుంది కానీ దానికి రేచీకటి, పొట్టిదాని నంబరు ఒకటి పాయింట్ ఎనిమిది, పొడుగుదానిది ఐదు పాయింట్ ఆరు, నంబరు చిన్నదైతే కన్ను పెద్దదన్నమాట అని చెబితే పిన్ని ఊరుకుందా, మా నాటకాల్లోనూ అంతేనే, వేషం చిన్నదైనవాడికే నోరు పెద్దది అంది బాబాయిని ఓరగా చూస్తూ, బాబాయి తనను కాదన్నట్టు మోకాలికి నూనె రాసుకుంటూ కూర్చున్నాడు, ఆ మోకాలే ఇంక నిలబడలేనంటోంది, ఈ సాయంత్రం ఆటతో ఆయన స్టేజీ దిగిపోతున్నాడు, ఇద్దరూ కలిసి ఎన్ని వేషాలు కట్టారో వాళ్ళకే గుర్తులేదు, ఇద్దరి మొహాలూ తేటగా ఉన్న ఫోటో మాత్రం ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు, ఈ సాయంత్రం రాకపోతే ఇక రాదు.

స్టేజీ మీద వాళ్ళు ఆఖరిసారి సరిచూసుకుంటున్నారు, వీళ్ళ నాటకాలకి ఎప్పుడూ ఉన్నది పక్కనించి పడే ఒక్క పెద్ద లైటే, అదీ పసుపు మొహం వేసుకుని, ఆమె పొడుగుది బిగించి నొక్కింది, ఫోటోలో ఇద్దరూ పడ్డారు, బొగ్గుల బస్తాలో నల్ల పిల్లుల్లా పడ్డారు, కెమెరాని బలవంతపెట్టి వెలుతురు పెంచితే మొహాల మీద ఇసక చల్లినట్టయింది, పోనీ కెమెరా రెప్ప మెల్లిగా వాల్చి తీద్దామంటే పిన్ని చేతులు ఒకచోట నిలుస్తాయా, పగలంతా స్టూడియోలో గడ్డం కొంచెం పైకెత్తండి అని పాస్‌పోర్టు ఫోటోలు తీసే తనకి కదలని మనుషులే అలవాటు, పిన్నికి మాట కన్నా చేతులు ముందు పరిగెడతాయి, అమ్మ పోయాక తనకి జడ వేసింది ఆ చేతులే, సగం అల్లి దువ్వెన గాల్లోకెత్తి డైలాగు అందుకునేది, ఒంటి జడతో స్కూలుకి పరిగెత్తిన రోజులు ఎన్ని, నవ్వొచ్చి కెమెరా ఊగింది, పొట్టిది బిగించింది, ఇదిగో, పిన్ని రెప్పవెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు, వెనకాల బాబాయి, మళ్ళీ పొగే, ఈ పెద్దకన్నుదానికి అదే జబ్బు, ఎవర్ని చూస్తే వాళ్ళనే చూస్తుంది, అడుగు ఎడమైతే మనిషిని మనిషిగా లెక్కచెయ్యదు, బాబాయి మీద నిలిపితే పిన్ని పొగ, చిన్నప్పుడు తనను తెర పక్కన పెట్టె మీద కూర్చోబెట్టి, కిక్కురుమనకుండా గుడ్లప్పగించి చూస్తావు గనక నువ్వు గుడ్లగూబవే అని పేరు పెట్టినాయన, ఆయన్ని ఇన్నేళ్ళూ పొగలో నిలబెట్టింది పిన్నా తనా, ఎప్పుడు కెమెరా ఎత్తినా గురి తనకి తెలియకుండానే పిన్ని కళ్ళ మీదికే పోతుంది, కన్నబిడ్డ కాదని ఎవరనగలరు.

అయినా ఇద్దరూ పక్కపక్కన నిలిస్తే ఈ గొడవే లేదు, ఏమో, పక్కింటావిడ అన్నట్టు పిన్నే మోచేత్తో నెడుతోందేమో, నాటకాల మనుషులకి వెలుతురు మీద ఆశ ఉండదా, అని కెమెరా దించి ఉత్త కళ్ళతో చూసింది, పిన్ని ఆయన వైపు తల కూడా తిప్పలేదు, తన మాటల్లో తను మునిగి ఉంది, లైటు వైపున్న బాబాయే, తనంతట తనే, ఆ పాడు మోకాలితోనే, మూతి బిగించుకుని అడుగు వెనక్కి వేశాడు, ఆ అడుగు తనకి తెలుసు, రాజు వేషంలో చూసింది, దొంగ వేషంలో చూసింది, నాటకంలో అడుగు అనుకుంది కానీ ఆయన అడుగని అనుకోలేదు, ఇన్నాళ్ళూ లెన్సుల్ని తిట్టుకుంది, ఆయన నిలబడే చోటు మారదు, మారాల్సింది తను కూర్చునే చోటు, ఎదురుగా కూర్చుంటే ఒకరు ముందూ ఒకరు వెనకా, అదే లైటున్న వైపు గోడ దాకా జరిగితే, లేచింది, పొడుగుదాన్ని తువ్వాల్లో చుట్టి కుర్చీలో పడుకోబెట్టింది, కుర్చీలు తప్పించుకుంటూ గోడకి వీపు ఆనించింది, ఇక్కణ్ణించి ఇద్దరూ తనకి ఒకే దూరం, పిన్ని ఎంతో బాబాయీ అంతే అన్నట్టు, నొక్కింది, పిన్ని రెప్పలూ ఉన్నాయి, బాబాయి కనుబొమ్మల్లో నెరిసిన వెంట్రుకలూ ఉన్నాయి.

ఏమే గుడ్లగూబా, ఆ మూలకెళ్ళి నక్కావేం అంది పిన్ని స్టేజీ మీంచి, ఇక్కణ్ణించైతే బాబాయి కూడా తేటగా వస్తున్నాడు పిన్నీ అంది ఆమె, అలా పెట్టు గడ్డి, నేను చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది, ఏమయ్యా, పెళ్ళైన కాణ్ణించీ చూస్తున్నాను, పక్కన నిలబడవయ్యా అంటే ఏనాడన్నా విన్నావా, నేనేమన్నా కరుస్తానా, అని పిన్ని నడుం మీద చేతులు వేసుకుంది, బాబాయి మోకాలు పట్టుకుని మెల్లిగా వంగి, లైటు వైపు ఒకసారి చూసి, నీ పక్కన నిలబడితే నా నీడ నీ మొహం మీద పడుతుంది అన్నాడు.