పిన్ని చూసిన పాలు

పాలకేంద్రంలో ఆమె అందరికీ పిన్ని. వ్యాను రాగానే ఒక్కో క్యాను మూత ఎత్తి వాసన చూసేది. "పోసెయ్" అంటే ట్యాంకులోకి, "పక్కన" అంటే పక్కకి. మిషను వెన్న శాతం చెబుతుంది గానీ, పులుపు పిన్నే చెప్పాలి. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు. కోపం ముక్కు మీదే ఉండేది కాబట్టి ఎదురు చెప్పేవాడూ లేడు.

ఓసారి ఆమెకి వచ్చిన వైరస్ జ్వరం ఐదు రోజుల్లో తగ్గింది. వాసనలు కాస్త మందగించాయి. అవే వస్తాయిలే అనుకుని పనిలోకి వచ్చింది. అసలు చిక్కు మూడో నెలలో వచ్చిపడింది. సబ్బు, మొగుడి చొక్కా, పాలు, అన్నిటిదీ ఒకటే తడిసిన అట్టపెట్టె వాసన. విచిత్రమేమిటంటే, అందుకు దిగులు కూడా కలగలేదు. కోపం సైతం రావడం మానేసింది.

చేతనైన పని ఇదొక్కటే, ఇదీ పోతే తనెవరో తనకే తెలియదు. అందుకని ఓ ఉపాయం పన్నింది. మూత ఎత్తి, పాల సంగతి వదిలేసి డ్రైవరు మొహం చూసేది. ఇవాళ ఎవరివో తేడాగా ఉన్నాయే అనేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, దారిలో ఎండన వ్యాను ఆపి కబుర్లాడినవాడు చూపు తిప్పుకునేవాడు. వాడి క్యాను పక్కన. నెల రోజులు అలాగే గట్టెక్కింది. పిన్ని ముక్కుకి పేరు ఇంకా పెరిగింది, సిగ్గుచేటు.

ఆ రోజు వచ్చినవాడు కొత్త డ్రైవరు. ఒక క్యాను సరిగ్గా కడగలేదనీ, పాలు పులిశాయనీ పాపం అతనికే తెలియదు. పిన్ని మొహంలోకి చూసి నవ్వాడు.

"పోసెయ్," అంది.

మధ్యాహ్నానికి ట్యాంకంతా పాడైంది. మేనేజరు డ్రైవరుని నిలదీశాడు. పిన్ని చూశాక చెడ్డాయంటే పోసేటప్పుడు నువ్వే ఏదో కలిపావన్నాడు, రేపట్నుంచి రావద్దన్నాడు.

"అతను కాదు," అంది పిన్ని. "నాకే వాసన తెలియట్లేదు. జ్వరం తర్వాత పోయింది."

మేనేజరు నమ్మలేదు. ఆమెని కళ్లు మూసుకోమని రెండు గ్లాసులు పెట్టాడు, ఒకదాంట్లో మంచి పాలు, ఒకదాంట్లో చెడినవి. పిన్ని రెండూ వాసన చూసింది. రెండూ ఒకటేనంది. ఇకనుంచి క్యాన్లు కడగమన్నాడు మేనేజరు, మెల్లగానే.

డ్రైవరు గుమ్మం దగ్గర ఆగాడు.

"ముందే చెప్తే నేనే చూసి చెప్పేవాణ్ణి కదా పిన్నీ."

ఆ మాటకి ఏడుపు రావాలని ఆమెకి తెలుసు. కాసేపు చూసింది. రాలేదు. బ్రష్షు తీసుకుని ముందు అతని క్యానే కడిగింది.