నెస్టా ఎవరి చేతికిచ్చింది

ఈల వినగానే కుక్క పరుగు ఆపి కూర్చుంటుంది. అది ప్రేమకొద్దీ కూర్చుంటుందా, భయంకొద్దీనా? పెళ్లై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పుట్టిన ఈ సందేహం ఎలునెడ్‌ను ఇంకా వదల్లేదు. ఒక ఆదివారం చాపెల్లో ప్రార్థన అయ్యాక పాస్టరుగారిని అడిగింది కూడా. ఆయన నవ్వి, "విధేయత ఉంటే చాలమ్మా, మిగతాది దేవుడు చూసుకుంటాడు" అన్నారు. ఆయన కుక్క సంగతి చెప్పారో, తన సంగతి చెప్పారో ఆమెకు తెలియలేదు. మళ్లీ అడగలేదు.

కుక్కల గదులు కడిగేటప్పుడల్లా ఆమె మనసు ఇటే పోతుంది. రోజూ పొద్దున్నే పాత గడ్డి తీసి, నేల తోమి, కొత్త గడ్డి పరచాలి. ఆ తర్వాత తిండి, ఆ తర్వాత పొలంలో వాటికి తర్ఫీదు. ఎర్ర మచ్చల తెల్ల స్పానియల్ వేటకుక్కలు అవి. తుపాకి దెబ్బకు పొదలో పడ్డ పక్షిని వెతికి, పంటిగాటు పడకుండా నోట పట్టుకొచ్చి యజమాని చేతిలో పెట్టాలి. అవే కుక్కలు ప్రదర్శనల్లో తల ఎత్తుకుని అందంగా నిలబడాలి. "ఇప్పుడు జనం అందానికో కుక్క, పనికో కుక్క అని విడగొట్టేశారు. మా ఇంట్లో మాత్రం రెండూ ఒకే కుక్కలో ఉంటాయి" అని ఆమె భర్త ఎమ్రిస్ క్లబ్బులో గ్లాసు ఎత్తి చెబుతాడు. నిజమే. రెండూ ఒకే కుక్కలో ఉంటాయి. రెండూ ఒకే మనిషి చెయ్యడు, అంతే. ప్రదర్శనలో కుక్క పక్కన పరుగెత్తేది ఎమ్రిస్. అతని సూటు ఇస్త్రీ చేసేదీ, కుక్క చెవుల వెంట్రుకలు వేళ్లతో పీకి తీర్చేదీ, ఈనే కుక్క పక్కన నేల మీద పడుకునేదీ, పిల్లల కాళ్లు పట్టి బయటికి లాగేదీ ఎలునెడ్. అత్తగారు బతికున్నన్నాళ్లూ ఒకే మాట. "మావాడి చేతిలో ఏదో మహిమ ఉంది, కుక్కలు వాడి మాట జవదాటవు." చెయ్యి కడుక్కుంటూ నిలబడ్డ కోడలి వైపు చూసి, "నీకేముందిలే, గిన్నెలు తోమినట్టే కుక్కల్ని తోమడం" అని కూడా అనేది. ఎలునెడ్ తన చేతుల్ని చూసుకునేది. వాటిలో మహిమ ఏమీ కనిపించేది కాదు, ముళ్లగీతలు తప్ప.

ఆ కుక్కల్లో నెస్టా అనే ఆడది ప్రదర్శనల్లో గెలవాల్సినవన్నీ గెలిచింది. కానీ పూర్తి ఛాంపియన్ అనిపించుకోవాలంటే పొలంలో పని పరీక్ష కూడా నెగ్గాలి. అక్కడ సూటు వేసుకుని పరుగెత్తితే చాలదు.

"నేర్పడం నువ్వు నేర్పు. ఆ రోజు నేను నడిపిస్తా" అన్నాడు ఎమ్రిస్.

"నాకు అలవాటు పడితే నీ మాట వింటుందా?"

"నా పాత కోటు తొడుక్కుని నేర్పవే! దాని ముక్కుకి నువ్వూ నేనూ ఒకటే అయిపోతాం." ఆ ఉపాయానికి అతనికే నవ్వొచ్చింది.

మైనం పూసిన పచ్చ కోటు అది. అతనికి తొడల దాకా వస్తే ఆమెకు మోకాళ్ల కింద దాకా వచ్చేది. చేతులు రెండు మడతలు పెట్టుకునేది. రెండు శీతాకాలాలు ఆ కోటులోనే గడిపింది. మొదట కుందేలు తోలు చుట్టిన మూట విసిరింది, తర్వాత చచ్చిన పావురాన్ని, తర్వాత దాన్నే చలికి గడ్డకట్టే ఏట్లోకి. మొదట్లో నెస్టా పావురాన్ని నమిలేసేది. ఎలునెడ్ తిట్టలేదు, కొట్టలేదు. దాని దవడ కింద అరచెయ్యి పెట్టి, "మెల్లగా, తల్లీ, మెల్లగా" అని అంటూనే ఉంది. ఒకనాడు ఏటి అవతల నుంచి ఈదుకొచ్చి, ఒళ్లు కూడా దులుపుకోకుండా, ఒక్క ఈక చెదరని పక్షిని ఆమె చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో అందరూ ఆమెను పిలిచేవాళ్లే, టీ కోసం, సాక్సుల కోసం, తాళంచెవి కోసం. తనవైపు పరుగెత్తుకొచ్చే ప్రాణి ఒకటుందని ఆమెకు అప్పుడు తెలిసింది. తప్పో ఒప్పో తెలియదు గానీ, దానికోసం ఆ రాత్రి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంది.

పరీక్ష రోజున ముసురు. ఎమ్రిస్ కొత్త ట్వీడ్ కోటు వేసుకుని టై కట్టుకున్నాడు. తర్వాత ఫొటో తీస్తారు కదా. అంత ఉపాయం పన్నినవాడు పాత కోటు సంగతి మరిచిపోయాడు. ఎలునెడ్‌కూ తట్టలేదు. ఎప్పటిలాగే దాన్ని తొడుక్కుని కంచె వెనక జనంలో నిలబడింది. అది ఆమె ఒంటికి అంతగా అలవాటైపోయింది.

తుపాకి పేలింది. ఫెజెంటు అనే అడవికోడి ముళ్లపొద అవతల పడింది. నెస్టా పొదలో దూరి, చెవులు గీరుకుపోతుంటే బయటికొచ్చింది. నోట్లో పక్షి. ఎమ్రిస్ చెయ్యి చాచాడు. నెస్టా అతన్ని దాటి, కంచె కిందనుంచి దూరి, ఎలునెడ్ ముందు కూర్చుని తల పైకెత్తింది.

ఆ పక్షిని అందుకునే హక్కు ఆమెకు లేదు. చేతులు జేబుల్లో కుక్కుకుంది. "పో, ఎమ్రిస్ దగ్గరికి పో" అంది. నెస్టా కదల్లేదు. తోక మెల్లగా తడిగడ్డిని తుడుస్తోంది. నలుగురిలో తనకు రావలసినదేదో తన ముందుకొచ్చి కూర్చుంటే, చెయ్యి చాపలేక నిలబడిపోయింది ఎలునెడ్.

"ఇంట్లో పెత్తనం ఎవరిదో కుక్కకి తెలుసులేవోయ్!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

న్యాయనిర్ణేత పారీ వచ్చి పక్షిని తీసుకుని, పక్కటెముకలు వేళ్లతో తడిమి చూశాడు. "ఒక్క ఎముక నలగలేదు. ఎవరమ్మా దీనికి నేర్పింది?"

ఆమె నోరు తెరిచింది.

"నేనే" అన్నాడు వెనకనుంచి ఎమ్రిస్. ముఖం కందగడ్డలా ఉంది. "అది నా కోటు పారీగారూ. నా కోటు చూసి మోసపోయింది."

"అయితే కోటు మార్చుకో. ఇంకో పక్షి ఉంది."

ఎమ్రిస్ కంచె దగ్గరికొచ్చాడు. "ఇలా ఇయ్యి, తొందరగా."

"వానొస్తోంది ఎమ్రిస్."

"నువ్వేం పంచదార బొమ్మవా కరిగిపోడానికి?"

కోటు విప్పి ఇచ్చింది. ఊలు స్వెటర్ మీద వాన పడుతుంటే ప్రార్థన చేసుకుంది. నెస్టా నెగ్గాలని మొదలుపెట్టింది. పక్షి పడేసరికి ప్రార్థన దానంతటదే మారిపోయింది. ప్రభువా, ఇది నెగ్గకపోయినా ఫరవాలేదు, నా దగ్గరికే రానియ్యి. కోటు లేకపోయినా నేను నేనేనని దానికైనా తెలియనియ్యి.

నెస్టా పొదలోంచి వచ్చి ఆగింది. కంచె వైపు చూసింది, అతని వైపు చూసింది. ముక్కు గాలిలోకి ఎత్తింది. నేరుగా కోటు దగ్గరికి వెళ్లి కూర్చుని, పక్షిని ఎమ్రిస్ చేతిలో పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎలునెడ్ కూడా కొట్టింది. ఇన్నేళ్లూ ప్రేమా భయమా అని అనవసరంగా మథనపడింది. రెండూ కావు. కోటు.

"తడిసి ముద్దయ్యావు కదే పిల్లా" అంటూ ఎవరో శాలువా కప్పారు. మోర్విద్ ఆంటీ. డెబ్భై దాటినా, పరీక్ష జరుగుతున్న ఈ ఎస్టేటుకు ఇప్పటికీ తన ముసలి కుక్కతో వేటలో పడ్డ పక్షులు ఏరడానికి వస్తుంది. "నెస్టా పరుగు చూశావా? అచ్చం మా గ్వెన్ పరుగే."

ఎలునెడ్ తల దించుకుంది. గ్వెన్ అనే ఆ కుక్క నుంచే ఈ కుక్కల సంతానమంతా. పెళ్లికి ముందు మోర్విద్ దాన్ని ఎలునెడ్ ఒళ్లో పెట్టి, ఈ కుక్కలవాళ్లలో ఉన్న పద్ధతి ప్రకారం, "ధర వద్దు. ఎప్పుడో ఒకప్పుడు దీని సంతతిలో ఒక ఆడపిల్లని నాకు తిరిగివ్వు, చాలు" అంది. పెళ్లయ్యాక అన్నిటితోపాటు గ్వెన్ కూడా ఎమ్రిస్ పేరు మీదికి వెళ్లింది. కుక్కలు ఈనిన ప్రతిసారీ ఎలునెడ్ ఆ మాట గుర్తుచేసేది. "ఈసారి అన్నీ మగవే" అనేవాడు. "ఇంత మంచిదాన్ని ఎలా ఇస్తాం?" అనేవాడు. "ఆవిడ అడిగిందా? లేదుగా!" అనేవాడు. మోర్విద్ ఎన్నడూ అడగలేదు. అందుకే చాపెల్లో ఆవిడ కంట పడకుండా వెనక వరసలో కూర్చోవడం ఎలునెడ్‌కు అలవాటైంది.

వసంతంలో నెస్టా ఈనింది. ఒక్కటే ఆడపిల్ల, కళ్లు తెరవకముందే అందరినీ నెట్టుకుని ముందుకొచ్చే రకం. ఎమ్రిస్ దాన్ని అరచేతిలో తూచినట్టు పట్టుకున్నాడు. "ఇది మనదే. తల్లిని మించిపోతుంది. నువ్వు నేర్పడం మొదలుపెట్టు." తర్వాత సంచిలోంచి ఒక కోటు తీశాడు, ఆ వెనకే ఇంకోటి. రెండూ ఒకే రంగు, ఒకే మైనం వాసన. "నీకొకటి, నాకొకటి. మార్చి మార్చి తొడుక్కుందాం. ఇక పొరపాటు జరగదు." చిన్నది ఆమె భుజాల మీద కప్పి, "ఎంత బాగుందో చూడు! సరిగ్గా నీ కొలతే" అని మురిసిపోయాడు. అతను ఆమెకు బట్టలు కొని ఎన్నేళ్లైందో. చెడ్డవాడు కాడు. అదే ఆమెకు అన్నిటికంటే కష్టంగా ఉంది. చెడ్డవాడైతే ఏడవడానికి ఒక కారణం ఉండేది. కొత్త కోటు బరువుకు భుజాలు కుంగాయి. ఇంకో పదేళ్లు కళ్లముందు కనిపించాయి. ఇదే పిల్ల, ఇదే ఏరు, ఇవే ముళ్లు, మళ్లీ ఎవరో చప్పట్లు.

పిల్లలు పాలు మరిచాయి. ఎమ్రిస్ ఎక్కడో ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా వెళ్లిన పొద్దున, ఎలునెడ్ ఆ ఆడపిల్లను తన స్వెటర్లో చుట్టుకుని వంతెన దాటి, మోర్విద్ తలుపు కొట్టింది.

"ఇదేమిటే?"

"గ్వెన్ మునిమనవరాలు. మీది."

మోర్విద్ ఆమె వెనక వంతెన వైపు తొంగి చూసింది. "ఎమ్రిస్ పంపాడా?"

"అతనికి తెలీదు."

"తెలిస్తే ఊరుకుంటాడా?"

"ఊరుకోడు."

"మరెందుకే ఈ గొడవ? నేనెప్పుడైనా అడిగానా? తీసుకుపో పిల్లా, నీ కాపురంలో నాకోసం చిచ్చెందుకు?"

"తీసుకోండి ఆంటీ." ఎలునెడ్ గొంతు మామూలుగానే ఉంది. "ఆ ఇంట్లో నా పేరు మీద ఉన్నది ఈ బాకీ ఒక్కటే. ఇదైనా నన్ను తీర్చుకోనివ్వండి."

మోర్విద్ రెండు చేతులూ చాపి పిల్లను అందుకుంది. గుండెకు ఆనించుకుని, దాని పొట్ట తడిమి, చెవి వెనక్కి తిప్పి చూసింది. తర్వాత వాకిట్లో నిలబడ్డ మనిషిని చూసి మెల్లగా అంది.

"తీరిపోయింది, ఎలునెడ్."