జీను దుప్పటి

మా ఎర్రగుర్రం మోహిని జీను దుప్పటి నేను దులుపుతుంటే అందులోంచి మల్లెపువ్వు రాలింది.

వాడిపోయిన పువ్వు. చాకిరేవు బండ మీద పడి, సబ్బు నురగలో తేలింది. దాన్నే చూస్తూ కూర్చుండిపోయాను. తెల్లగుర్రం సుల్తాన్ దుప్పటి ఉతికితే మా వారి చెమట, తలనూనె వాసన వస్తాయి. అవి నాకు తెలిసినవే. మోహిని మీద మాత్రం ఎవరూ ఎక్కరని చెప్పారాయన. "కొట్టం చూసే సాయిలు దాన్ని కాస్త నడిపిస్తాడు, అంతే" అన్నారు.

సాయిలు మల్లెపూలు పెట్టుకోడు.

మా వారు భీమేశ్వరరావుగారికి బాలానగర్ ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం వస్తే గుడివాడ వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో కాపురం పెట్టాం. డెబ్భై రెండులో మాట. గుర్రపుస్వారీ ఆయన చిన్నప్పటి కోరిక. పందాలకు పనికిరాని గుర్రాలను అయినకాడికి ఇచ్చేస్తారని విని మొదట తెల్లగుర్రం సుల్తాన్‌ని కొన్నారు. రాయదుర్గం గుట్టల దగ్గర సాయిలు కొట్టంలో కిరాయికి ఉంచారు. మరుసటి ఏడు ఎర్రగుర్రం మోహిని వచ్చింది. పేరు ఆయనే పెట్టారు. నన్ను మాత్రం పెళ్ళయిన నాటి నుంచీ "ఇదిగో" అనే పిలుస్తున్నారు.

గుర్రాలు రాయదుర్గంలో ఉన్నా వాటి వంట మా ఇంట్లోనే. "ఉలవలు అక్కడ ఉడికిస్తే వాళ్ళే తినేస్తారు" అన్నారు మా అత్తగారు అమ్మణ్ణిగారు. అసలు సంగతి వేరు. ఉలవలు ఉడికిన కట్టు మీద ఆవిడకు ప్రాణం. కట్టుతో చారు మాకు, మిగిలిన గుగ్గిళ్ళు గుర్రాలకు. ఉలవల బస్తాలు మా నాన్న పంపిస్తాడు. రాళ్ళేరడం, నానబెట్టడం, పొయ్యి దగ్గర నిలబడి కలపడం నా వంతు. రెండో గుర్రం రాగానే గుండిగ పెద్దదయింది. నా చేతులు ఆ రెండే. ఎంత రుద్దుకున్నా ఆ వాసన పోదు. "నీ కొంగు దగ్గరికొస్తే గుర్రపుసాలలో ఉన్నట్టుందే అమ్మాయ్" అంటారు అత్తగారు, ఆ చారే రెండోసారి వడ్డించుకుంటూ. మా వారైతే ఏమీ అనరు. అటు తిరిగి పడుకుంటారు.

మోహిని కుంటిందని తెలిసిన రోజు ఆయన సెలవు పెట్టి మరీ వెళ్ళి దాని కాళ్ళకు తైలం మర్దనా చేశారు. "పాపం, నోరులేని జీవం. ఎంత బాధపడిందో!" అంటూ అన్నం కూడా సరిగ్గా తినలేదు. అదే వారం నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. గుమ్మంలోనే నిలబడి, "ఓ మాత్ర వేసుకో. ఉలవలు నానేశావా?" అన్నారు.

గుర్రం మీద అసూయ ఏమిటని నవ్వుతారేమో. నవ్వండి. ఆ కాళ్ళ మీద ఆయన చేతులు ఎలా తిరిగి ఉంటాయో ఊహించుకుంటూ గుండిగలో గరిటె తిప్పినదాన్ని నేను. ఇప్పుడు మల్లెపువ్వు దొరికింది. అంటే దానికీ నాకూ మధ్య ఇంకొకతె కూడా ఉందన్నమాట.

పువ్వు సంగతి ఎత్తలేదు. ఆ సాయంత్రం చారు పోస్తూ అన్నాను.

"ఏమండీ, రెండో గుర్రాన్ని అమ్మేద్దాం. నా వల్ల కావట్లేదు."

ఆయన చెయ్యి ముద్ద మీదే ఆగింది. "మోహినినా? మతిగానీ పోయిందా?"

"గరిటె తిప్పడానికే ఇంత నీరసమైతే ఎలాగే?" అన్నారు అత్తగారు. "మా రోజుల్లో..."

మర్నాడూ అడిగాను. ఆ మర్నాడూ అడిగాను. ఆయన విసుక్కున్నారు, కేకలేశారు, ఓ పూట తిండి మానేశారు. ఆ పట్టుదల చూసినకొద్దీ నా కడుపులో మంట పెరిగింది. గుర్రాన్ని వదలలేకపోతున్నాడా, గుర్రం ఎక్కేదాన్నా?

ఆ గురువారం ఫ్యాక్టరీ నుంచి వస్తూనే బూట్లు విప్పుతూ చెప్పారు.

"సరే, నీ మాటే కానీ. పాతబస్తీ నుంచి పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాడు ఆదివారం ఇంటికొస్తాడు. మాట్లాడుకుని మోహినిని తోలుకుపోతాడు. చాలా?"

"గెలిచావే అమ్మాయ్!" అన్నారు అత్తగారు.

గెలిచాను. మరి అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నట్టు?

శనివారం ఆయనకు మొదటి షిఫ్టు. సాయంత్రం పట్టుకెళ్తానని గుగ్గిళ్ళ క్యాను వంటింట్లోనే వదిలి వెళ్ళారు. నేను ఆ క్యాను ఎత్తుకున్నాను. "ఎక్కడికే?" అన్న అత్తగారికి "గుర్రాలు పస్తుంటాయండీ" అని చెప్పి రిక్షా ఎక్కాను. మాదాపురం దాటాక బండలు, గతుకులు చూసి రిక్షావాడు ఇక రానన్నాడు. మిగిలిన దారి సీతాఫలం పొదల మధ్య నడిచాను. క్యాను చేతిని లాగేస్తోంది. ఆ మల్లెపువ్వు మనిషి దొరికితే ఏమనాలో దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను.

దొరికింది.

రెండు గుట్టల మధ్య మైదానంలో మోహిని మెల్లగా పరిగెడుతోంది. దాని మీద పుణ్యవతిగారు. మా వారి చీఫ్ ఇంజనీరుగారి భార్య. పంజాబీ డ్రెస్సు, ఎగిరే జడ, జడలో మల్లెలు. కిందటేడు మా ఇంటికి భోజనానికి వచ్చి, "మీకు గుర్రాలంటే హడలటగా! మీవారు చెప్పారు" అని నవ్విన మనిషి. చుట్టూ చూశాను. మా వారు లేరు. ఆవిడ ఒంటరిగా, నోరారా నవ్వుతూ, గాలికి ఎదురు వెళ్తోంది.

పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ అక్కడ పనికిరాలేదు. అసూయ మాత్రం ఎక్కడికీ పోలేదు, మరింత రాజుకుంది. ఆమె మా ఆయన పక్కన ఉండి ఉంటే ఇంత మండేది కాదనుకుంటాను. ఆమె ఆ గుర్రం పైన ఉంది!

"ఏందమ్మా, ఎవలు గావాలె?" కొట్టంలోంచి సాయిలు భార్య పోచమ్మ వచ్చింది.

"భీమేశ్వరరావుగారి భార్యని."

"అయ్యో, నువ్వా! నీకు గుర్రమంటె మస్తు భయమంట గద? దూరం నుంచి జూసినా కండ్లు తిరిగి పడతదని సారు చెప్పిండు."

"నన్నెప్పుడూ అడగలేదు."

"ఏంది?"

"ఏం లేదు. ఆవిడ రోజూ వస్తుందా?"

"శాన రోజుల సంది వస్తున్నరు. పెద్దసారు భార్య గద, మీ సారే కూసోబెట్టి నేర్పిచ్చిండు. ఆమె కోసమే తెచ్చిండు గీ ఎర్రదాన్ని. గియ్యాల్నే ఆఖరు. పెద్దసారుకు మద్రాసు బదిలీ అయిందట. ఇగ దీంతోని పనేముంది? రేపు అమ్మేస్తరట."

అదీ నా గెలుపు! పై అధికారి భార్యను మెప్పించడానికి కొన్న గుర్రం, ఆవిడ వెళ్ళిపోతోంది కనుక అమ్ముడవుతోంది. నా మాట నెగ్గిందనుకుని మురిసి నిన్న పాయసం కూడా వండాను.

పుణ్యవతిగారు దిగి, కళ్ళెం సాయిలుకిచ్చి, బెల్లంముక్క మోహిని మూతికి అందించింది. "అరె, సుబ్బలక్ష్మిగారూ! భయం పోయిందా?"

జవాబు చెప్పే వ్యవధి లేకపోయింది. మోహిని బెల్లం వదిలేసింది. సాయిలు చేతిలోంచి కళ్ళెం లాక్కుని తిన్నగా నా మీదికి వచ్చింది. నేను బండకు ఆనుకుపోయాను. అది వేడివేడి ఊపిరి వదులుతూ నా చేతులు వాసన చూసింది. ముంజేతులు చూసింది. కొంగు చూసింది. క్యాను నేల మీదే ఉంది, దాని వంక చూడలేదు. ఆఖరికి తల నా భుజాన ఆనించి నిలబడింది. ఇంట్లో అందరూ ముక్కు మూసుకునే వాసన అది.

"ఓయమ్మ, తల్లిని జూసినట్టు జూస్తున్నది!" అంది పోచమ్మ. "ఎక్కరాదు మరి? చీరెకేం గాదు, గోచి దోపుకో. మేం నాట్లప్పుడు దోపుకోమా?"

పుణ్యవతిగారు నవ్వబోయి మానుకుంది.

కుచ్చిళ్ళు వెనక్కి దోపుకుని బండ మీంచి ఎక్కాను. సాయిలు కళ్ళెం పట్టుకుని నడిపించాడు. భయం వేసింది. జీనును రెండు చేతులా పట్టుకున్నాను. ఆ భయం నాది, ఎవరో నా తరఫున ఊళ్ళో చెప్పింది కాదు. మైదానం చివరిదాకా వెళ్ళేసరికి అది తగ్గి, చెవుల దగ్గర గాలి వినిపించింది. దిగాక, నేను వచ్చిన సంగతి సారుకు చెప్పొద్దని ఎవర్నీ బతిమాలలేదు.

ఆదివారం పొద్దున ఆయన తెల్లచొక్కా వేసుకుని బేరగాడి కోసం వాకిట్లో తిరుగుతున్నారు. వంటింట్లోకి తొంగిచూసి ఆగిపోయారు.

"ఇదేమిటి, చిన్న గిన్నె పెట్టావు?"

"ఇవాళ్టి నుంచి ఒక్క గుర్రానికే ఉడకబెడతానండీ."

"అదే కదా, మోహిని వెళ్ళిపోతోందిగా."

"మోహిని వెళ్ళదు. ఈ గుగ్గిళ్ళు దానికే."

"ఏమేవ్!" అన్నారు అత్తగారు. "మతుండే మాట్లాడుతున్నావా?"

"ఉలవలు మా పుట్టింటివి అత్తయ్యా. ఉడకబెట్టేది నేను. ఏ గుర్రానికో కూడా నేనే చెప్తాను. లేదంటారా, ఇవాళ్టితో పొయ్యి ఆపేస్తాను. కట్టు మీకూ ఉండదు."

అత్తగారు కొడుకు వైపు చూశారు. కొడుకు నా వైపు చూశారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"మరి ఆ బేరగాడికి ఏం చెప్పమంటావు?"

"సుల్తాన్‌ని చూపించండి. పెళ్ళికొడుకుకి తెల్లగుర్రమే బాగుంటుంది."

"సుల్తానా? మరి నేను దేని మీద తిరగాలి?"

అప్పుడే వాకిట్లో ఎవరో "సార్!" అని కేకేశారు. ఆయన కదల్లేదు. నేను పొయ్యి మీంచి గిన్నె దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, గూట్లోంచి సబ్బుబిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టాను.

"మోహిని మీద రేపట్నుంచి నేను తిరుగుతాను. జీను దుప్పటి వారం వారం తెచ్చిస్తాను. వెంట్రుకలు దులిపి ఉతకండి, చన్నీళ్ళలో."