కిరాయి గొంతు

జస్టిన్ నోరు తెరిచాడు. మాట మాత్రం గోడ అవతలి గదిలోంచి వచ్చింది.

ఖమ్మం బస్టాండుకు దగ్గర్లో, రెండో అంతస్తులో పర్వేజ్ నడిపే సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటరు అది. ఈ గదిలో టై కట్టుకున్న జస్టిన్ లాప్‌టాప్ కెమెరాకు ముఖం చూపిస్తూ కూర్చున్నాడు. పక్క గదిలో సోహైల్ మైకు ముందు కూర్చుని కంపెనీవాళ్ల ప్రశ్నలకు జవాబులు చెబుతున్నాడు. జస్టిన్ పెదవులు కదిపితే చాలు. ప్రతి జవాబుకూ ముందు సోహైల్ చిన్నగా దగ్గి, "సో, బేసికల్లీ" అని సాగదీస్తాడు. అది గుర్తు. అది వినగానే ఇవతలివాడు నోరు ఆడించాలి. దానికోసం పర్వేజ్ పదిరోజులు అద్దం ముందు తాలీము చేయిస్తాడు. చదువు చెప్పడానికి తీరికలేని చోట పెదవులు కదపడానికి పదిరోజుల తాలీము! ఇది చదివేవాళ్లకు అసహ్యం వేస్తే వేయనివ్వండి. వేయాలి కూడా.

సోహైల్ పని రానివాడేమీ కాదు. హైదరాబాద్‌లో నాలుగేళ్లు డెవలపర్‌గా చేశాడు. ఒక మంగళవారం పొద్దున మెయిలు వచ్చింది, మధ్యాహ్నానికి ఐడీ కార్డు లాగేసుకున్నారు. ఖమ్మంలో ఖానాపురం హవేలి పేటలోని ఇంటికి చేరి పదకొండు నెలలైంది. మళ్లీ తన పేరు మీద ఒక ఉద్యోగం రావాలి, అదొక్కటే అతడి ధ్యాస. దరఖాస్తు పెట్టిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న: "మధ్యలో ఈ ఖాళీ ఎందుకొచ్చింది?" బయటికి గెంటేదీ వాళ్లే, బయటెందుకున్నావని అడిగేదీ వాళ్లే. సిగ్గులేనితనానికైనా ఒక హద్దుండాలి.

అలాంటప్పుడు దొరికాడు పర్వేజ్.

"ఖాళీగ కూసుంటే నేర్చింది తుప్పు పడతది తమ్మీ. రోజూ ఇంటర్వ్యూల కూసో. నీకు ప్రాక్టీసు, పైసలు. పిలగాండ్లకు నౌకరీ. ఎవనికేం నష్టం?"

సోహైల్‌కి నిజంగానే హుషారొచ్చింది. జవాబు చెప్పినప్పుడల్లా అవతలి నుంచి "వెరీ గుడ్" అని వినపడేది. తన దరఖాస్తుకు బదులైనా ఇవ్వని కంపెనీ, జస్టిన్‌కు వారంలో ఉద్యోగమిచ్చింది. ఇంకొకడి పేరుకు పడ్డ మెప్పుతో కడుపు నింపుకున్నాడు సోహైల్.

అతడి తండ్రి సలీం మోటార్ వైండింగ్ మిస్త్రీ. ఎక్కడో దూరాన ఉన్న పెనుబల్లి రైతులు సైతం కాలిన బోరు మోటార్లు ఆయన దగ్గరికే తెస్తారు. బాగుచేసిన మోటారును రైతు కళ్లముందే నీళ్ల డ్రమ్ములో దింపి, తిప్పి చూపిస్తే గానీ ఆయన చేతికివ్వడు.

"ఏం పనిరా బేటా అది?" అని ఒకసారి కొడుకును అడిగాడు.

"ఇంటర్వ్యూ ట్రైనింగ్ అబ్బా," అన్నాడు సోహైల్, తల తిప్పుకుని.

రెండు నెలలకు సోహైల్‌కే పిలుపొచ్చింది. జస్టిన్‌ను తీసుకున్న ఆ కంపెనీయే. 'వందలమందితో మాట్లాడతరు, నా గొంతు ఎవనికి యాదుంటది' అనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మొదటి ప్రశ్న తనకు కొట్టినపిండి. చిన్నగా దగ్గి, "సో, బేసికల్లీ..." అన్నాడు.

తెర మీద ఉన్నావిడ చెయ్యెత్తి ఆపింది.

"జస్టిన్ పేరుతో మాతో మాట్లాడింది మీరే కదూ?"

సోహైల్ కెమెరా మీంచి చూపు తిప్పుకున్నాడు.

"అతను చేరాక మూడు వారాల్లో ఒక్క లైను కోడు రాయలేదు. అనుమానమొచ్చి ఆ రికార్డింగు పదిసార్లు విన్నాం. ఇదే దగ్గు, ఇదే సాగదీత. ఆ రోజు ఆ జవాబులకు నేనెంత సంతోషించానో మీకు తెలియదు."

తెర నల్లబడింది. ఉద్యోగం తెచ్చే గొంతే అతడిది. దాన్ని ముందే కిరాయికిచ్చేశాడు.

తిన్నగా తండ్రి దుకాణానికి వెళ్లి అంతా చెప్పేశాడు. సలీం చేతిలోని తీగచుట్ట కింద పెట్టాడు.

"జస్టిన్ ఏడున్నడిప్పుడు?"

"తీసేసిండ్రు. భద్రాచలంల ఇంటికి పోయిండట. ఫోన్ బంద్ పెట్టుకున్నడు."

"కాలిన తీగ మీద వార్నిష్ కొట్టి ఇచ్చుడు నాకు రాదనుకున్నవా? ఒక్కపూట తిరుగుతది. తెల్లారి మళ్ల కాలుతది, రైతు పంట ఎండుతది. ఆ పిలగానికి నువ్వు కొట్టింది గా వార్నిషే."

"పాణం ఆగలేదబ్బా. ఎవడన్న 'వెరీ గుడ్' అంటే..."

"అవ్. ఎవని మోటారో తిప్పి, నీ చేనుకు నీళ్లు పారినయనుకున్నవ్."

శనివారం కోచింగ్ సెంటర్లో సభ. విషయం: 'ఉద్యోగం రాకున్నా ఉత్సాహం ఎలా నిలుపుకోవాలి?' వక్తగా పర్వేజ్ ముందే ఖాయం చేసింది సోహైల్‌నే. గోడ మీద ఫ్లెక్సీలో దండ వేసిన జస్టిన్ బొమ్మ, కింద 'మా విజేత' అనే అక్షరాలు ఇంకా ఉన్నాయి. వాడు వీధిన పడ్డా దండ తీయలేదు.

"జర జోష్‌గ చెప్పు తమ్మీ, పిలగాండ్లు డల్లుగున్నరు," అన్నాడు పర్వేజ్.

సోహైల్ మైకు అందుకున్నాడు. అలవాటుగా దగ్గు రాబోయింది, మింగేశాడు.

"గా ఫ్లెక్సీల ఉన్న జస్టిన్ నౌకరీ పోయింది. ఇంటర్వ్యూల మాట్లాడింది ఆయన కాదు, నేను. నాకు వచ్చే నౌకరీ గూడ గందుకే పోయింది."

పర్వేజ్ మైకు వైరు పీకేశాడు. "పిచ్చి లేసిందా? దిగు!"

"మైకు నీదే భాయ్. గొంతు నాది," అని సోహైల్ మిగతాది కూడా చెప్పేశాడు.

వెనక వరసలోంచి మహిమ అనే అమ్మాయి లేచింది. "నిజం చెప్తే పిలుస్తలేరు, అబద్ధం చెప్తే నిలుస్తలేము. మరి ఏం చేయమంటవన్నా?"

"నౌకరీ ఎట్ల వస్తదో నాకు తెల్వదమ్మా. తెలుసని పైసలు గుంజెటోని దగ్గరకి పోకుండ్రి. సోమవారం నుంచి మా అబ్బా దుకాణంల కూసుంట, నేర్చుకునేటోళ్లు రాండ్రి. ఎవరు రాసిన కోడు వాళ్లే అందరి ముందట నడిపియ్యాలె. నడవకుంటే నవ్వుకుందాం, మళ్ల రాద్దాం."

మర్నాడు బస్సెక్కి భద్రాచలం వెళ్లాడు. జస్టిన్ ముఖం మీదే తలుపేశాడు. సోహైల్ తలుపు బయటే నిలబడి తప్పు ఒప్పుకుని, దుకాణం అడ్రసు చెప్పి వచ్చాడు.

సోమవారం మహిమతో కలిపి నలుగురొచ్చారు. సభకొచ్చిన అరవైమందిలో నలుగురు! మిగతావాళ్లు పర్వేజ్ అద్దాల ముందుకే పోయారు. పదకొండు గంటలకు గుమ్మంలో ఐదోవాడు కనిపించాడు, జస్టిన్. ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి చివర కూర్చున్నాడు. కోడులో ఒక లైను చూపించి సోహైల్ అడిగాడు, "ఇది ఏం చేస్తది?"

జస్టిన్ నోరు తెరిచాడు. ఈసారి తన గొంతుతోనే అన్నాడు:

"నాకు తెల్వదన్నా."

ఎవరూ నవ్వలేదు. డ్రమ్ములోంచి మోటారు పైకి లాగుతూ సలీం అన్నాడు:

"గిక్కడ మొదలైతది పని. ఇంకొకని నోటితోని తెచ్చుకున్న హుషారు నాల్గు దినాలు గూడ ఉండది. 'నాకు తెల్వదు' అని సొంత నోటితోని చెప్పి, తెల్లారి నేర్చుకోని వచ్చేటోన్ని ఏ కరువూ ఏం చేయలేదు."