పట్టుచీరకు కప్పిన శాలువా

మేనత్త వరహాలమ్మ మా డిగ్రీ కాలేజీ సెమినార్ హాల్లో వేదిక మీద కూర్చుని ఉంది, ఆ హాలు చూస్తుండగానే రైల్వే ప్లాట్‌ఫారంలా సాగుతోంది, కుర్చీల వరసలు పట్టాల వెంట ఎటో వెళ్ళిపోతున్నాయి, ఆమె పోయి రెండేళ్ళయిందని తెలిసి కూడా నేనేమీ ఆశ్చర్యపోకుండా మొదటి వరసలో కూర్చుని నా తెల్ల కుర్తా మెడ పైకి లాక్కుంటున్నాను.

"ఏంటే ప్రసూనా ఆ మెడ? గుమ్మానికి కర్టెన్ కట్టినట్టుంది."

"రేపు యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరేవాళ్ళకి పరిచయ సభ అత్తా. క్యాంపస్ చూపిస్తారు, గైడ్లతో మాట్లాడిస్తారు. ఏం వేసుకోవాలో నెట్‌లో చూశాను. లేత రంగు, హుందాగా ఉండాలంట."

"చదువు చెప్పేవాళ్ళు రంగు చూసి చెబుతారా? అదేం చదువే, అద్దకం పనా? సరే, మెడ అంత పైకెందుకు?"

అబద్ధం చెబుదామనుకుంటాను, కానీ ఇక్కడ నోరు నా మాట వినడం లేదు. "పెళ్ళయి నెల కూడా కాలేదని తెలిస్తే గైడ్లు తీసుకోరంట. ఏడాది తిరక్కుండా కాన్పుకి వెళ్ళిపోతుందనుకుంటారంట. అందుకని పసుపుతాడు లోపలికి, మెట్టెలు బూట్లలోకి. కిరీటిని గేటు బయట టీకొట్టు దగ్గర ఉండమన్నాను."

కిరీటి పేరు చెప్పగానే నాకు నవ్వొస్తుంది. కాఫీ నురగ మీద చెంచాతో నా పేరు రాయబోయి రోజూ మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయే మనిషి.

అత్త నవ్వదు. "దాచడంలో ఎప్పుడో డిగ్రీ చేశావుగా. ఇప్పుడు పీహెచ్‌డీయా?"

ఆమె ఏ రోజు గురించి అంటోందో నాకు తెలుసు. హాస్టల్లో వంటచేసి నన్ను పెంచిన అత్త నైలాన్ చీరలన్నీ పోపు వాసన, అందుకని కాలేజీలో తల్లిదండ్రుల సమావేశానికి పక్కింటావిడ పట్టుచీర అడిగి తెచ్చి కట్టించాను, ఆ జరీ చూసి వాలంటీర్లు ఆమెనే ముఖ్య అతిథి అనుకుని వేదిక ఎక్కించి శాలువా కప్పారు.

"పైకి రమ్మంటుంటే నీ వంక చూశానే. నువ్వు చెప్పులు చూసుకుంటున్నావు. అసలాయన రాగానే నా మీది శాలువా లాగి, మడతపెట్టి ఆయనకి కప్పారు. దానికి నేనేం బాధపడలేదు. చీరకి కప్పారు, చీరకే తీశారు. పక్కనున్న పిల్ల, ఆవిడెవరని అడిగితే తెలీదన్నావు చూడు, అది నన్నే అన్నావు."

"అప్పుడు నాకు పదిహేడేళ్ళు అత్తా."

"ఇప్పుడెన్నో?"

వేదిక మెల్లగా కదులుతోంది, పట్టుచీర ఎప్పుడు మారిందో నైలాన్ చీరయింది, ఆవాలు చిటపటమన్న వాసన హాలంతా నిండుతోంది, క్షమించమని అడగాలని లేస్తాను కానీ కుర్తా మెడ గడ్డం దాటి పెదాల మీదికి వచ్చేసింది.

"రేపు ఎవరైనా కిరీటిని చూపించి ఎవరమ్మా అంటే ఏం చెబుతావే?" వెళ్ళిపోతూ అడుగుతుంది అత్త. "టీకొట్టువాడి చుట్టమంటావా?"

గుడ్డ నోట్లోకి వస్తోంది, పళ్ళతో పట్టి లాగుతాను, ఎంత లాగినా ఇంకా వస్తూనే ఉంది.

కళ్ళు తెరిచేసరికి తెల్లారింది. పళ్ళ మధ్య దుప్పటి అంచు ఉంది. అద్దం ముందు కిరీటి కొత్త చొక్కాలో, చంక కింద కంపెనీ అట్ట వేలాడుతుంటే చూసుకోకుండా జుట్టు దువ్వుకుంటున్నాడు.

"టీకొట్టు దగ్గర నిలబడేవాడికి ఈ చొక్కా మరీ ఎక్కువేమో కదూ?"

"లోపలికే వస్తున్నారు. నా పక్కన కూర్చుందురుగాని."

"మరి గైడు ఎవరని అడిగితే?"

"మా ఆయనని చెబుతాను. కదలకండి," అని అతని చెయ్యి పైకెత్తి, ఆ అట్ట దారాన్ని పళ్ళతో కొరికి తెంపాను.