స్వామి పేరున్న షేరు

మా కోటప్పకొండ కోటేశ్వరస్వామి పేరుతో ఒక కంపెనీ ఉందని ఫోనులో చూసిన రోజు సోమవారం. ఇంతకంటే మంచి శకునం ఏం కావాలి అనుకున్నాను.

నరసరావుపేటలో మాది చిన్న కిరాణా దుకాణం. నా భార్య రాజేశ్వరి ఇంట్లోనే కారాలు, పొడులు చేసి అమ్ముతుంది. పరాయి మర దగ్గర గంటలకొద్దీ నిలబడలేక, సొంతంగా కారం మర కొనాలని నాలుగేళ్ళు కష్టపడి ఎనభై వేలు కూడబెట్టింది. శివరాత్రి వెళ్ళగానే కొనాలని ఆమె కోరిక. అంతవరకూ ఆ డబ్బు బ్యాంకులో ఊరికే పడుండటం ఎందుకని, "నాలుగు నెలల్లో లక్ష చేసిస్తా" అని తీసుకున్నది నేనే.

బ్యాంకులో పనిచేసే మా మేనకోడలు కీర్తి అప్పటికే షేర్లు కొనే డీమ్యాట్ ఖాతా నాకు తెరిచి పెట్టింది. "నెలకు వెయ్యితో ఒక ఫండులో మొదలుపెట్టు మావయ్యా" అని మాత్రమే చెప్పింది. నేను ఆ మాట పక్కన పెట్టి, స్వామి పేరున్న ఆ ఒక్క షేరులోనే ఎనభై వేలూ పెట్టాను. ఫోనుకి విభూతి కూడా రాశాను.

మొదటి వారం ఎనభై మూడు వేలైంది. కొబ్బరికాయ కొట్టాను. తర్వాత దిగడం మొదలైంది. శివరాత్రికి పది రోజులుందనగా యాభై రెండు వేల దగ్గర నిలిచింది. రాజేశ్వరి మాత్రం మర ఎక్కడ పెట్టాలో వసారాలో సుద్దముక్కతో గీతలు గీసుకుంటోంది.

ఆదివారం కీర్తి వస్తే, గొంతు తగ్గించి ఫోను చూపించాను.

"అమ్మెయ్ మావయ్యా. ఉన్న కాస్తన్నా మిగుల్తది."

"స్వామి పేరున్నదాన్ని ఎట్టా అమ్ముతానే? కళ్ళు పోతయ్."

"సరే, ఆ కంపెనీ ఏం తయారుచేస్తది?"

నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు.

"ప్లాస్టిక్ పైపులు. రెండేళ్ళుగా నష్టాలు, అప్పులు చానా ఉన్నయ్. ఇదిగో, ఫోనులోనే రాసుంది."

మేము గొంతు తగ్గించినా వంటింట్లోకి వినిపించినట్టుంది. రాజేశ్వరి కారం చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ, మన వీధిలో కోటేశ్వరరావులు ఆరుగురున్నారు. ఒక్కడికన్నా ముందూ వెనకా కనుక్కోకుండా కిలో పంచదార అరువిచ్చారా మీరు?"

కీర్తి నవ్వాపుకోలేకపోయింది. నేను తల వంచుకున్నాను. రాజేశ్వరి మాత్రం నవ్వలేదు.

"మరి నా మర?" అంది.

ఆ చిన్న మాట నన్ను తిట్లకంటే ఎక్కువ బాధించింది.

కీర్తి నా పక్కన కూర్చుంది. "షేరంటే ఆ కంపెనీలో నీకో ముక్క మావయ్యా. అది బాగుంటే నువ్వు బాగు, అది మునిగితే నీ ముక్కా మునుగుద్ది. శివరాత్రి తిరునాళ్ళకి కొండకి ఎన్ని ప్రభల బండ్లొస్తయ్?"

"ఎన్నో ఊళ్ళ నుంచి వస్తయ్."

"ఒక ఊరి ప్రభ దారిలో దిగబడిందనుకో, తిరునాళ్ళ ఆగుద్దా?"

"ఎందుకాగుద్ది!"

"నేను చెప్పిన ఫండూ అంతే. అందరి డబ్బూ కలిపి యాభై కంపెనీల్లో పెడతారు. రెండు దిగబడినా మిగతావి నడుస్తయ్."

"పెద్ద వానొస్తే అన్నీ దిగబడవా?"

"దిగబడతయ్. ఎండొచ్చిందాకా ఆగగలిగిన డబ్బే అందులో పెట్టాలి. ఐదేళ్ళో ఏడేళ్ళో ముట్టనక్కర్లేనిది. శివరాత్రికి కావాల్సిన డబ్బు బ్యాంకులోనే ఉండాల."

మర్నాడు పొద్దున పూజకి కొబ్బరికాయ తీస్తూ, అలవాటుగా చెవి దగ్గర ఊపి చూశాను. నీళ్ళు కదిలాయి. అప్పుడే నాకో సందేహం వచ్చింది. స్వామికిచ్చే కాయనే ఊపి చూసేవాణ్ణి, ఆయన పేరు కనబడగానే ఇంకేమీ చూడకుండా ఎందుకు కొన్నాను? భక్తి అంటే అడగకపోవడమా? అడిగితే ఆయనకు కోపం వస్తుందని నాకెవరు చెప్పారు?

దండం పెట్టుకుని, తొమ్మిదింబావుకి అమ్మేశాను. కళ్ళు బాగానే ఉన్నాయి. అదే రోజు దుకాణం రాబడిలోంచి నెలకు వెయ్యి చొప్పున ఫండులో వేయడం మొదలుపెట్టాను. రోజూ ఫోను తెరిచి చూడనని రాజేశ్వరికి మాటిచ్చాను.

చేతికొచ్చిన డబ్బుకి కొత్త మర అందలేదు. శివరాత్రి వెళ్ళిన వారానికి ఎడ్లపాడులో ఒక పాతది ఉందంటే, మధ్యవర్తి ద్వారా నలభై ఎనిమిది వేలకు బేరం కుదుర్చుకుని ఇద్దరం వెళ్ళాం. మరకు బొట్టు పెట్టడానికి పసుపు, కుంకుమ, కర్పూరం నేను సంచిలో వేసుకున్నాను. రాజేశ్వరి కిలో ఎండుమిరపకాయలు తెచ్చుకుంది. అమ్మే ఆయన పెద్దమనిషిలా ఉన్నాడు, నుదుట విభూతి.

"తమ పేరు?" అన్నాను.

"కోటేశ్వరరావండీ."

నా చెయ్యి ఆగకుండా కుంకుమ పొట్లం మీదికి పోయింది. రాజేశ్వరి నా వంక చూసి, మిరపకాయల సంచి నా చేతిలో పెట్టింది.

"ముందు మోటారు వేసి ఇవి పట్టించి చూడండి. బొట్టు తర్వాత."